నిలబడే కాలు

ఏక్‌బాల్‌పూర్ కార్పొరేషన్ క్వార్టర్లలో అప్పాయమ్మ నోట్లో నోరు పెట్టే మగాడు లేడు. పొద్దున్నే చీపురు భుజాన వేసుకుని, కుడికాలు కాస్త పక్కకి వేస్తూ ఆమె వీధిలోకి వచ్చిందంటే, దారికి అడ్డంగా రిక్షా పెట్టినవాడు అడగకుండానే తీసేస్తాడు. సాయంత్రమైతే అదే మనిషి గోడౌన్ గోడ దగ్గర ఆడపిల్లల్ని వరసగా నిలబెట్టి ఫుట్‌బాల్ తన్నడం నేర్పుతుంది. తప్పు తన్నిన పిల్లకి తిట్లు తెలుగులో మొదలై, హిందీలో ఊపందుకుని, బెంగాలీలో ముగుస్తాయి. చెయ్యి మాత్రం ఎత్తదు. ఆమె పెరిగిన ఇల్లు తెలిసినవాళ్ళకి ఈ చివరి సంగతే వింత.

ఆ ఇంట్లో దెబ్బలకి ఏనాడూ కరువు లేదు. అప్పాయమ్మ తండ్రి గురువులు కార్పొరేషన్ చెత్తబండి లాగేవాడు. తల్లి జగ్గమ్మ వీధులు ఊడ్చేది. వాళ్ళ పెద్దలు ఎప్పుడో శ్రీకాకుళం జిల్లా నుంచి చీపురు పనికి ఈ బెంగాలీల ఊరికి వచ్చి ఇక్కడే పాతుకుపోయారు. గురువులు తాగివస్తే జగ్గమ్మని జుట్టు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చేవాడు. మర్నాడు కన్ను వాచిపోయి జగ్గమ్మ పనికి వెళ్తే, ఎవరైనా ఏమైందని అడిగితే, "గుమ్మం తగిలీసింది" అనేది. కొడుకు వెంకటేశు చెల్లెలు అప్పాయి చెయ్యి విరిచి పెడితే, "ఆడుకుంటా పడిపోయినాది" అనేది. పక్కింటివాళ్ళూ అదే మాట అనేవాళ్ళు, వాళ్ళ ఇళ్ళలోనూ అదే బాగోతం కాబట్టి. ఆ క్వార్టర్లలో ఎవరూ ఎవర్నీ కొట్టరు. అందరికీ ఏదో ఒకటి పొరపాటున తగులుతూ ఉంటుంది, అంతే!

ఇక తన్నుడు సంగతి. ఆ క్వార్టర్లలో పుట్టిన ప్రతివాడూ బొటనవేలితోనే తన్నేవాడు. దానికి కారణం చెత్తబండి. నిండిన బండిని ఏటవాలులో ఆపితే అది కిందికి జారిపోకుండా చక్రం ముందు ఒక చెక్కముక్క పెడతారు. బండి కదలాలంటే చేతులు రెండూ కాడి మీద ఉంటాయి కనుక, ఆ చెక్కని బొటనవేలితో ఎగదన్నాలి. నడక వచ్చిన పిల్లలు మొదట నేర్చుకునే విద్య అదే. గురువులు బొటనవేలు గిట్టలా బిరుసెక్కి ఉండేది. వెంకటేశుదీ అంతే. వాడు అదే వేలితో ఫుట్‌బాల్ తన్నితే బంతి తుపాకీ గుండులా లేచిపోయేది. ఎక్కడికి పోతుందో వాడికీ తెలీదు, దేవుడికీ తెలీదు. అయినా జనం ఈలలు వేసేవాళ్ళు, వాడు చొక్కా గుండీలు విప్పుకుని తిరిగేవాడు.

ఎనభైల మొదట్లో ఒక వానాకాలం, పేట క్లబ్బుకీ పక్క పేటకీ షీల్డ్ మ్యాచ్ పడింది. గట్టున షామియానా కింద కుర్చీ వేసుకుని పార్టీ లోకల్ నాయకుడు కూర్చున్నాడు. వెంకటేశుకి రోజుకూలీ పని ఇప్పిస్తానని ఏడాదిగా తిప్పుతున్న మనిషి ఆయనే. పక్క పేటవాళ్ళు మీదకి వస్తుంటే, వెంకటేశు బంతిని అవతలికి పంపాలని బలంగా తన్నాడు. తడిసి బరువెక్కిన తోలుబంతి అవతలికి పోలేదు. పక్కకి తిరిగి షామియానాలో దూరి నాయకుడి మొహం మీద పడింది. కళ్ళజోడు పగిలి గాజుముక్క కనుబొమలో దిగింది.

పని ఇప్పించలేదన్న కక్షతో కొట్టాడని ఆయన మనుషులు క్షణంలో తేల్చేశారు. సైకిల్ గొలుసులు, షామియానా వెదుళ్ళు, ఇటికలు, చేతికి ఏది దొరికితే అది లేచింది. కొడుకుని లాక్కురావడానికి దూరిన గురువులు నెత్తిన వెదురు పడింది. మనిషి బురదలో బోర్లా పడ్డాడు. పదమూడేళ్ళ అప్పాయి ఆ కాళ్ళ మధ్యనుంచి పాకి తండ్రి తలని ఒళ్ళో పెట్టుకుంటే, రక్తం లంగా అంతా తడిపేసింది. జగ్గమ్మ చేతులు జోడించి, "పొరపాటున తగిలీసింది బావూ, ఒగ్గీయండి బావూ" అని ఏడుస్తూ ఒక్కొక్కడి కాళ్ళ మీదా పడింది.

గొడవ చల్లారాక పొల్టూ దా వచ్చాడు. దా అంటే అన్న. పొల్టూ దా ఓడల డాక్‌లో క్రేన్ తోలే బెంగాలీ. ఒకప్పుడు ఊళ్ళో పెద్ద క్లబ్బులు ఆడే మైదానంలో పెద్ద ఆటగాడు కావలసినవాడు, మోకాలు పోయి పేట కుర్రాళ్ళకి ఆట నేర్పుతున్నాడు. ముక్కు మీద కోపం. వచ్చీరాగానే వెంకటేశు చెంప మీద చాచి ఒకటి ఇచ్చాడు.

"ఎవర్ని చూసి కొట్టావురా?"

"ఎవర్నీ సూడనేదు దాదా. ఒట్టు!"

"అదేరా నీ తప్పు. చూసి కొట్టి ఉంటే నిన్ను మొగాడివనేవాణ్ణి. ఇంత బలం పెట్టుకుని, అది ఎవడి మీద పడుతుందో చూసుకోనివాడివి నా గ్రౌండులో అడుగు పెట్టకు."

వెంకటేశు అడుగు పెట్టలేదు. చెల్లెలు పెట్టింది.

తండ్రి తలకి కట్టు ఉండగానే ఆ పిల్ల పొల్టూ దా దగ్గరికి వెళ్ళి, బంతి అనుకున్నచోటికి పోవాలంటే ఏం చెయ్యాలని అడిగింది. ఆయన మొదట కసిరాడు. తర్వాత బంతి వేసి తన్నమన్నాడు. అప్పాయి కూడా బొటనవేలితోనే తన్నింది, బంతి కాలవలో పడింది. ఆయన బంతి తెప్పించి, పాన్ డబ్బాలోంచి సున్నం తీసి దాని మీద రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టాడు.

"ఖుకీ, ఈ సున్నం నీ పాదం మీద, ఇదిగో ఈ ఎముక మీద అంటాలి. వేలికి అంటితే వేలు విరగ్గొడతాను."

ఖుకీ అంటే చిన్నపిల్ల. మాట ముద్దుగానే ఉంది గానీ, చేతిలో బెత్తం ఉంది. వేలికి సున్నం అంటిన ప్రతిసారీ ఆ వేలి మీదే బెత్తం పడేది. "ఆబార్!" అని అరిచేవాడు. అంటే మళ్ళీ అని. పాదం కిందికి వాల్చి, వేళ్ళు ముడిచి, చీలమండని కొయ్యలా బిగబట్టాలి. బంతి మీదకి ఒంగాలి. తల ఎత్తకూడదు. కొట్టాక కాలు ఆగిపోకూడదు, బంతి వెంటే వెళ్ళాలి. ఇవన్నీ ఒంటపట్టాక కూడా బంతి పక్కకే పోతుంటే, ఒకరోజు ఆయన ఆ పిల్ల ఎడమకాలి మీద బెత్తంతో కొట్టాడు.

"తప్పు దీనిది. కొట్టేకాలు ఉత్త కూలీ. నిలబడే కాలే మేస్త్రీ. బంతి పక్కన జానెడు దూరంలో దాన్ని దింపు. దాని వేళ్ళు ఎటు చూస్తే బంతి అటు పోతుంది. ముందు ఎక్కడికి కొట్టాలో చూడు, తర్వాత నిలబడు, ఆ తర్వాత కొట్టు. చూడకుండా కొట్టినవాడు రౌడీ."

పాదం నీలంగా కమిలి, చెప్పు పట్టనంత వాచింది. ఏమైందని జగ్గమ్మ అడిగితే, "రాయి తగిలినాదే అమ్మా" అంది అప్పాయి. ఆ ఇంటి పిల్ల కదా, ఆ అబద్ధం నాలుక చివరే ఉండేది.

ఒక సాయంత్రం బంతి కాలికి తగిలిందో లేదో తెలీనంత తేలిగ్గా తగిలింది. నొప్పి లేదు. గోడ మీద గీసిన గుండ్రంలో పడి వెనక్కి వచ్చి ఆమె పాదాల దగ్గరే ఆగింది. అప్పాయికి ఏడుపు వచ్చేసింది. పుట్టి బుద్ధెరిగాక తను అనుకున్నది అనుకున్నట్టు జరగడం అదే మొదటిసారి మరి. పొల్టూ దా చూసి కూడా మెచ్చుకోలేదు. "ఆబార్!" అన్నాడు. కానీ ఆ రాత్రి ఇంటికి వచ్చి జగ్గమ్మతో, శీతాకాలంలో మైదానంలో అమ్మాయిల జట్టుకి ఎంపిక ఉందనీ, పిల్లని తీసుకెళ్తాననీ చెప్పాడు. జగ్గమ్మ కొడుకు వైపు చూసింది.

కొడుకు అప్పటికే ఉడికిపోతున్నాడు. ఆ గొడవ తర్వాత గురువులుకి తల తిరుగుడు పట్టుకుంది. ఆయన బండి వెంకటేశు లాగుతున్నాడు. ఈలలు వేసినవాళ్ళే ఇప్పుడు, "ఏరా, నీ చెల్లెలి దగ్గర నేర్చుకోరాదూ?" అని ఆటపట్టిస్తుంటే వాడికి ఒళ్ళు మండిపోయేది. ఒకరోజు కుళాయి దగ్గర అందరి ముందూ అప్పాయి మెడ పట్టి నీళ్ళ తొట్టిలోకి ముంచాడు. ఆ పిల్ల ఊపిరాడక గింజుకుని, వాడి మణికట్టు పళ్ళు దిగేలా కొరికింది. వాడు ఆమెని రాళ్ళ మీదకి విసిరికొట్టాడు. జగ్గమ్మ బిందె దింపి, "కాలు జారినాది గుంట" అని చుట్టూ ఉన్నవాళ్ళకి చెప్పింది.

"మైదానానికి ఎల్లినావా, కాళ్ళు ఇరిచీగల్ను," అన్నాడు వెంకటేశు.

"నాను ఎల్తాను," అంది అప్పాయి.

ఎంపికకి ముందురోజు పొద్దున్న తల్లీ కూతురూ బండి వెంట ఉన్నారు. కాలవ వంతెన దిగుడులో వెంకటేశు బండి ఆపి చెక్క పెట్టాడు. పైనుంచి గంప ఒకటి దొర్లి చక్రం ముందు పడింది. అది తియ్యమన్నాడు. అప్పాయి కుడికాలు ముందుకు వేసి ఒంగింది. ఏదో చప్పుడైతే తల ఎత్తింది. వెంకటేశు ఆమె పాదం వంక చూస్తున్నాడు. తర్వాత చెక్క వంక చూశాడు. తర్వాత తన్నాడు.

ఇనపపట్టీ చక్రం పాదం మీదుగా ఎక్కి దిగింది. ఆ పిల్ల అరుపుకి వంతెన మీద ట్రామ్ ఆగిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. "కాలు జారినాదే, నానేటి సేసినానే" అని వెంకటేశు తల బాదుకున్నాడు. ఆసుపత్రిలో డాక్టరు అడిగితే జగ్గమ్మ, "పొరపాటున బండి జారిపోయినాది బావూ" అంది. అందరూ నమ్మారు. వెంకటేశు తన్నుడు ఏనాడు వాడి మాట విన్నది గనక? కుడికాలి వేళ్ళు రెండు తీసేశారు. ఎంపిక రోజు అప్పాయి జ్వరంలో పడి ఉంది.

పొల్టూ దా బెత్తం కూడా మర్చిపోయి వచ్చి వెంకటేశు మీద పడ్డాడు. ఇద్దరూ ఒకళ్ళ గొంతు ఒకళ్ళు పట్టుకుని మురిక్కాలవలోకి దొర్లారు. వెంకటేశు ఆయన పాడైన మోకాలి మీదే తన్నాడు, ఆయన వాడి పన్ను రాలగొట్టాడు. పార్టీ ఆఫీసువాళ్ళు వచ్చి ఇద్దర్నీ విడదీసి, రెండు దెబ్బలు అదనంగా తగిలించి పంపారు. ఒళ్ళంతా బురదతో ఆయన అప్పాయి మంచం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఏడుస్తున్నాడేమో తెలీదు, మొహం నిండా బురదే.

"కావాలనే సేసినాడు దాదా. నాను సూసినాను. తన్నేముందు నా కాలు ఏపే సూసినాడు," అంది అప్పాయి.

"తెలుసు. ఎడమకాలు ఉందిగా? వచ్చే శీతాకాలానికి మళ్ళీ ఎంపిక ఉంది."

మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. ఇప్పుడు కొట్టేది ఎడమకాలు, నిలబడేది వేళ్ళు పోయిన కుడికాలు. నేలని పట్టుకునే వేళ్ళు లేక, కాలు ఊపగానే ఆ పిల్ల దబ్బున పక్కకి పడిపోయేది. మోచేతులు చీరుకుపోయేవి. ఆయన సైకిల్ ట్యూబు కోసి పాదానికి బిగించి కట్టేవాడు. గాయం రేగి ట్యూబు కింద రక్తం చిమ్మితే విప్పి కడిగి మళ్ళీ కట్టేవాడు. బెత్తం మాత్రం మానలేదు. మానితే జాలి పడ్డాడనుకుని ఆ పిల్ల ఇంకా కుంగిపోయేది, నిజం చెప్పాలంటే. కుట్లు ఊడేదాకా పడి, లేచి, పడి, ఏడాది తిరిగేసరికి ఎడమకాలు కుడికాలిని మించిపోయింది. గోడ మీది గుండ్రం చెరిపేసి, గుండ్రం ఉన్నచోట ఒక్క సున్నం చుక్క పెట్టాడు ఆయన. దాన్ని కూడా కొట్టింది.

మైదానంలో ఎంపిక రోజున ఆమె కొట్టిన బంతులు చూసి పెద్దవాళ్ళు కుర్చీల్లోంచి లేచారు. ఎక్కడికి కొట్టమంటే అక్కడికి కొట్టింది. గోలు మూలకి, కీపర్ వేళ్ళకి అందకుండా, చెప్పి మరీ. తర్వాత పరిగెత్తమన్నారు. అందరికంటే వెనకబడింది. రెండోసారి పరుగులో కుడికాలు మడతపడి మొహం మీద పడింది. ఎంపిక చేసే ఆవిడ దగ్గరికి వచ్చి గడ్డి దులిపి, "ఇంత చక్కటి కాలు నేను చూడలేదమ్మా. కానీ పరిగెత్తలేనిదాన్ని జట్టులో ఎలా వేసుకోను?" అంది. అబద్ధం కాదు కాబట్టి అప్పాయి లేచి పాదానికి కట్టిన ట్యూబు విప్పుకుంది. ట్రామ్‌లో వస్తూ పొల్టూ దా కిటికీలోంచి బయటికే చూశాడు. క్వార్టర్ల దగ్గర దిగాక బంతి ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

వాకిట్లో వెంకటేశు గోడకి ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు. జగ్గమ్మ బియ్యం ఏరుతోంది. చెల్లెలి మొహం చూడగానే వాడికి సంగతి అర్థమైపోయింది. కొట్టి ఉంటే బాగుండేది. కొట్టలేదు, జాలిపడ్డాడు.

"పోన్లేయే. నీ రాత అలాగుంది. ఆ బండి జారకపోతే నిన్ను తీసేసుకుందురు."

అప్పాయికి కళ్ళు బైర్లు కమ్మాయి. కోపమంటే అది. ఏడాదిపాటు రక్తం కారిన పాదానికి తెలిసిన కోపం. బంతి కింద పెట్టింది.

"అక్కడే నిలబడన్నా. కదలకు."

"ఏటి సేస్తావే?" నవ్వాడు వాడు.

ఆమె చూసింది, కుడికాలు దింపింది, కొట్టింది. బంతి వాడి ఎడమచెవి పక్కన గోడకి తగిలి సున్నం పెచ్చు లేచింది. వాడి నోట్లోంచి బీడీ జారిపోయింది. బంతి వెనక్కి వచ్చి ఆమె దగ్గరే ఆగింది.

"బండి జారినాదా అన్నా?"

"జారినాదే!"

రెండోది కుడిచెవి పక్కన తగిలింది. గాలికి వాడి జుట్టు కదిలింది. మూడోది రెండు మోకాళ్ళ మధ్య. జనం పోగయ్యారు. ఎవరూ నవ్వడం లేదు. పారిపోదామంటే అటు వేసిన అడుగు పక్కనే బంతి వచ్చి పడుతోంది. వాడి మొహంలో రక్తం చుక్క లేదు.

"జారినాదా?"

"ఒలే, సంపీకే! అమ్మా, సూడే దీన్ని!"

జగ్గమ్మ చేట విసిరేసి పరిగెత్తుకొచ్చి కొడుకు ముందు చేతులు చాపి నిలబడింది. పొట్టి మనిషి. కొడుకు భుజాలూ తలా ఆమె తల పైనుంచి కనిపిస్తూనే ఉన్నాయి.

అప్పాయి తల్లిని చూసింది. "బండి నా మీదకి వొచ్చినపుడు నువ్ పక్కనే ఉన్నావు కదే అమ్మా. అపుడెందుకు రానేదు?"

జగ్గమ్మ చేతులు దించలేదు.

"సరే. అలాగే ఉండు. కదిల్తే నీకు తగుల్తాది."

జగ్గమ్మ కళ్ళు మూసుకుంది. అప్పాయి కుడికాలు బంతి పక్కన జానెడు దూరంలో దింపింది. పాదం ఒణకలేదు. బంతి తల్లి చెంప పక్కనుంచి, ఆమె ముసుగు అంచు కూడా కదలకుండా దూసుకుపోయి వెంకటేశు మెడ కింది ఎముక మీద కొట్టింది. చెరకు కణుపు విరిగినట్టు టప్పుమన్న చప్పుడు వాకిట్లో అందరికీ వినిపించింది. వాడు గోడ వెంట జారి కూలబడి, భుజం పట్టుకుని చిన్నపిల్లాడిలా గుక్కపెట్టాడు.

జగ్గమ్మ కళ్ళు తెరిచి కొడుకుని చూసింది, కూతుర్ని చూసింది. తర్వాత జనం వైపు తిరిగి, అలవాటైన చేతులు జోడించి, అలవాటైన గొంతుతో మొదలెట్టింది.

"పొరపాటునే తగిలీసింది బావూ. గుంట సూసుకోనేదు. ఆడుకుంటా..."

"పొరపాటు కాదే అమ్మా," అంది అప్పాయి, వాకిట్లో ఉన్న అందరికీ వినపడేలా. "నానే కొట్టినాను. సూసి కొట్టినాను."

జగ్గమ్మ జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. ఆ వాకిట్లో అంతకుముందు ఆ మాట ఎవరూ అనలేదు. కింద కూర్చున్న వెంకటేశు ఏడుపు ఆపి చెల్లెలి వంక చూశాడు. ఒకసారి తల్లి వంక చూశాడు. ఆ తర్వాత తల దించుకుని, మెల్లగా, "నానూ సూసే తన్నినానే," అన్నాడు.